ఆకుకున్న హక్కు నెత్తురుకు లేదు

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేయడం మొదలుపెట్టారు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని ఎంచుకున్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పెద్దయ్యాక రాకుండా చూడాలన్నది ఉద్దేశం. అమెరికాకు చెందిన పాత్ సంస్థ దీన్ని నడిపింది. గేట్స్ ఫౌండేషన్ డబ్బు పెట్టింది. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం చేయి కలిపాయి. దాదాపు 14,000 మంది పిల్లలు టీకా వేయించుకున్నారు. వాళ్లలో గిరిజన కుటుంబాల పిల్లలు, అమ్మానాన్నలకు దూరంగా ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

మరుసటి ఏడాది మార్చిలో మహిళా సంఘాలవాళ్లు గూడేలకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడాక విషయం రచ్చకెక్కింది. కార్యక్రమంలో ఉన్న కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ దాన్ని ఆపించింది. మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు తాగడం లాంటి కారణాలు నమోదు చేసింది. ఆ నిర్ధారణను కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఆ పరిశీలనలోనే బయటపడిన ఇంకో లెక్క ఉంది. చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాల మీద ఉన్న సంతకం తల్లిదీ కాదు, తండ్రిదీ కాదు, హాస్టల్ వార్డెన్‌ది.

2013 ఆగస్టు 30న పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. ఇది క్లినికల్ ట్రయల్ కాదన్న పాత్ వాదనను ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పార్లమెంటు సంఘాల నివేదికలను కోర్టులు ఆధారంగా తీసుకోవచ్చా అన్న పెద్ద రాజ్యాంగ ప్రశ్న దాన్లోంచే పుట్టి, 2018 మే నెలలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు దాకా వచ్చింది. ఆ తీర్పును న్యాయ విద్యార్థులు చదువుకుంటున్నారు. అది భద్రాచలం ఆశ్రమ పాఠశాలల పిల్లల నుంచి మొదలైన కథ అని ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

క్యాన్సర్ పరిశోధన కోసం మనుషుల జన్యు సమాచారాన్ని పంచుకోవడం గురించి సమీక్ష రాస్తూ టీకాతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ అడవి అంచు జనానికి క్యాన్సర్ శాస్త్రంతో పెద్ద ఎత్తున జరిగిన పరిచయం అదొక్కటే. రేపు ఎవరైనా రక్తం సీసాలతో, సమ్మతి పత్రాలతో దుమ్ముగూడెం వైపో చింతూరు వైపో వెళితే, వాళ్లను జనం ముందుగా అడిగేది ఆ పాత సంగతే. అడగడం న్యాయం కూడా.

ఆ కథకు రెండో సగం ఉంది, అది ఇక్కడ తక్కువమందికి చేరింది. అదే 2009లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో వేరే అధ్యయనం మొదలుపెట్టింది. టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా తేల్చడం దాని పని. ఖమ్మం గొడవ తర్వాత 2010లో దేశంలో ఈ టీకా పరిశోధనలన్నీ ఆగడంతో అదీ ఆగింది. అప్పటికి దాదాపు ఐదు వేల మంది పిల్లలకు ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి గమనించారు. పదేళ్ల తర్వాత 2021లో వెలువడిన ఫలితం ప్రకారం, హెచ్‌పీవీ 16, 18 రకాల దీర్ఘకాల ఇన్‌ఫెక్షన్‌ను ఒక్క డోసు 95 శాతం దాకా అడ్డుకుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలునని చెప్పడానికి ఆధారపడిన సాక్ష్యాల్లో ఇది ముఖ్యమైనది. మన దేశపు పిల్లల శరీరాలు ఇచ్చిన సమాచారం పేద దేశాలన్నిటికీ టీకా ఖర్చును తగ్గించింది. ఖమ్మంలో టీకా వేయించుకున్న పిల్లలు ఇప్పుడు ముప్పై ఏళ్ల దరిదాపుల్లో ఉంటారు. ముఖద్వార క్యాన్సర్ పరీక్ష మన దేశంలో మొదలయ్యే వయసు ముప్పై. పీహెచ్‌సీకి వచ్చే ఆ ఆడవాళ్లకు 2009లో వేసిన టీకా ఏమిటో, ఎన్ని డోసులు పడ్డాయో రాసి ఉన్న కాగితం ఉండాలి. సమాచారం పంచుకోవడం అంటే అక్కడినుంచే మొదలు కావాలని నా అభిప్రాయం. సమాచారం ముందు చేరవలసింది దాన్ని ఇచ్చిన మనిషికి.

ఇదే ముఖద్వార క్యాన్సర్, జన్యు సమాచార చరిత్రలో ఇంకోచోట కూడా మొదటి పేజీలో ఉంది. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ ముఖద్వార క్యాన్సర్‌తో చేరింది. ఆమెకు చెప్పకుండా తీసిన కణితి ముక్కలోని కణాలు ప్రయోగశాలలో చావు లేకుండా పెరిగాయి. హీలా కణాలుగా ప్రపంచమంతా తిరిగాయి. ఆ కణాల్లో హెచ్‌పీవీ 18 ఉందని తర్వాత తేలింది. ఈ వైరస్‌కూ ముఖద్వార క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం రుజువు చేసినందుకే హరాల్డ్ త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. ఖమ్మంలో వేసిన టీకాకు పునాది ఆ విజ్ఞానమే. 2013 మార్చిలో జర్మనీ శాస్త్రవేత్తలు హీలా కణాల జన్యుక్రమం మొత్తాన్ని అందరికీ కనబడేలా పెట్టేశారు. అది ఆమె మనవలు, మునిమనవల జన్యువుల గురించి కూడా చెబుతుంది. కుటుంబం అభ్యంతరం చెప్పింది, దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఒక ఒప్పందానికి వచ్చాయి. ఆ సమాచారం కావాల్సినవాళ్లు ముందు దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తులు పరిశీలించే సంఘంలో లాక్స్ కుటుంబ సభ్యులు ఇద్దరు ఉంటారు. భద్రాచలం గురించి మన పార్లమెంటు సంఘం నివేదిక ఇచ్చిన నెల కూడా అదే. అక్కడ కుటుంబానికి కుర్చీ దొరికింది. ఇక్కడ తప్పు మాత్రమే నమోదైంది.

అసలు జన్యు సమాచారం పంచుకోవాలన్న ఉద్యమం ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. 1996లో బెర్ముడాలో మానవ జీనోమ్ ప్రాజెక్టు శాస్త్రవేత్తలు ఒక నియమం పెట్టుకున్నారు. చదివిన డీఎన్‌ఏ వరసను 24 గంటల్లోపు లోకానికి ఇచ్చేయాలి, ఎవరూ దాచుకోకూడదు. ఆ ఉదారతే తర్వాతి పనులకు దారి తీసింది. 2006లో మొదలైన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ 33 రకాల క్యాన్సర్లలో 11,000 మందికి పైగా రోగుల కణితులను చదివి బయటపెట్టింది. 2008లో అంతర్జాతీయ క్యాన్సర్ జీనోమ్ కూటమి ఏర్పడి, దేశాలు క్యాన్సర్లను పంచుకుని చదివాయి. భారత్ వంతుకు చిగుళ్లు, బుగ్గ లోపలి భాగాలకు వచ్చే నోటి క్యాన్సర్ వచ్చింది. కల్యాణిలోని జాతీయ జీవవైద్య జీనోమిక్స్ సంస్థ 2013లో ఆ ఫలితాలు ప్రచురించింది, అంతవరకు నోటి క్యాన్సర్‌తో ముడిపెట్టని జన్యువులను కొన్నిటిని చూపించింది. నమిలే పొగాకు జబ్బు అది. తునికాకు కోసి బీడీ కంపెనీలకు ఇచ్చే ఈ అడవి గూడేలకూ పొగాకుతో పరిచయం తక్కువేమీ కాదు.

పంచుకోకపోతే ఏమవుతుందో రొమ్ము క్యాన్సర్ చెబుతుంది. ఆ క్యాన్సర్‌తో సంబంధమున్న బీఆర్‌సీఏ జన్యువుల మీద అమెరికాకు చెందిన మిరియడ్ కంపెనీకి పేటెంట్ ఉండేది. 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు సహజమైన జన్యువుకు పేటెంట్ చెల్లదంది. అయినా లక్షలమంది రోగుల పరీక్షల నుంచి కంపెనీ పోగేసుకున్న సమాచారం కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఏ మార్పు ప్రమాదమో, ఏది కాదో తెలిసేది ఆ ఖజానాతోనే. చివరికి డాక్టర్లు, రోగులు తమ రిపోర్టులను పేర్లు తీసేసి క్లిన్‌వార్ అనే ప్రభుత్వ ఖజానాకు పంపడం మొదలుపెట్టారు. తాళాన్ని రోగులే తీసిన సందర్భం అది. క్యాన్సర్ విషయంలో పంచుకోవడానికి అందరికంటే ముందుండేది సాధారణంగా రోగులేనని గుర్తుపెట్టుకోవాలి. భయపడేది ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, సంస్థలు.

ఈ ఖజానాల్లో ఎవరున్నారు అన్నది అసలు చిక్కు. క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌లోని రోగుల్లో నాలుగింట మూడు వంతులు శ్వేతజాతీయులు. దీనివల్ల మనకేం నష్టమని అనుకోవచ్చు. కణితి ఎవరిదైనా కణితే కదా అనిపిస్తుంది. కానీ క్యాన్సర్ రోగిలో రెండు జన్యుక్రమాలు ఉంటాయి. పుట్టుకతో వచ్చినది ఒకటి, ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. కణితిలో కొత్తగా పుట్టిన మార్పులతో తయారైనది రెండోది. కణితిలో దొరికిన మార్పుల్లో ఏది తాతముత్తాతల నుంచి వచ్చిందో, ఏది జబ్బు తెచ్చిందో విడదీయాలంటే రోగి రక్తాన్ని కూడా చదవాలి. ఖర్చు తగ్గించడానికి చాలాచోట్ల కణితి ఒక్కదాన్నే చదువుతారు. సాధారణ ప్రజల జన్యు ఖజానాలతో పోల్చి, అక్కడ కనిపించిన మార్పులను తీసేస్తారు. ఆ ఖజానాల్లో మన జనం లేకపోతే కోయ తల్లి నుంచి బిడ్డకు వచ్చిన మామూలు తేడా కూడా జబ్బు మార్పుల లెక్కలో పడుతుంది. కణితిలో మార్పులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఎక్కువుంటే ఇమ్యునోథెరపీ ఇచ్చే పద్ధతికి 2020లో అమెరికాలో ఆమోదం వచ్చింది. లెక్క తప్పితే లక్షల రూపాయల మందు పనిచేయని మనిషికి వెళుతుంది. ముంబయిలోని టాటా మెమోరియల్ శాస్త్రవేత్తలు 2016లో భారతీయుల మామూలు తేడాలతో సొంతంగా ఒక ఖజానా తయారుచేసుకోవాల్సి వచ్చింది ఇందుకే.

పిల్లల రక్త క్యాన్సర్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. లుకేమియా పిల్లలకు ఏళ్ల తరబడి ఇచ్చే మెర్కాప్టోప్యూరిన్ మాత్ర కొందరిలో తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. టీపీఎంటీ అనే జన్యువులో తేడా ఉన్నవాళ్లకు డోసు తగ్గించాలని పాశ్చాత్య దేశాలు ముందే కనిపెట్టాయి, ఎందుకంటే ఆ తేడా అక్కడ కనబడుతుంది. ఆసియా పిల్లల్లో ఆ తేడా తక్కువ. అయినా మాత్ర పడని పిల్లలు ఉంటూనే వచ్చారు. 2014, 2015లో ఆసియా రోగుల సమాచారం చేర్చి చూసినప్పుడు నుడ్ట్15 అనే ఇంకో జన్యువు బయటపడింది. దానిలోని తేడా తూర్పు, దక్షిణాసియా జనంలో ఎక్కువ, యూరప్‌లో అరుదు. 2018లో డోసు నిర్ణయించే అంతర్జాతీయ మార్గదర్శకాల్లో చేరింది. ఆ నడుమ గడిచిన కాలంలో ఆసియా పిల్లలు అనుభవించిన బాధకు కారణం ఒక్కటే, ఖజానాలో వాళ్లు లేకపోవడం. ఇలాంటిదే జీ6పీడీ లోపం. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల జనంలో ఇది ఎక్కువ. ఈ లోపం ఉన్నవాళ్లకు మలేరియాకిచ్చే ప్రైమాక్విన్‌తో ఎర్రకణాలు పగిలిపోతాయి. లుకేమియా, లింఫోమా చికిత్సలో వాడే రాస్‌బ్యూరికేస్‌తోనూ అంతే. మలేరియా పీడించే ఏజెన్సీ నుంచి క్యాన్సర్ ఉన్న పిల్లవాడు హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి చేరినప్పుడు డాక్టరు ముందుగా తెలుసుకోవాల్సిన విషయం అది.

అందుకే, ఇక్కడి రక్తపు చుక్క ఎవరికీ ఇవ్వొద్దనే మిత్రుల కోపాన్ని నేను అర్థం చేసుకుంటాను గానీ, వాళ్ల నిర్ణయంతో ఏకీభవించలేను. దూరంగా ఉండడం భద్రత ఇవ్వదు. దాని ఖరీదు కట్టేది వార్డులో పడుకున్న పిల్లలు.

తెలుగువాళ్ల జన్యు సమాచారం ప్రపంచానికి ఎప్పుడో అందింది, విచిత్రమైన దారిలో. 2015లో పూర్తయిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో 26 జనసమూహాల నుంచి 2,504 మంది ఉన్నారు. వాళ్లలో 102 మంది బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు. వాళ్ల జన్యుక్రమాలు ఎవరైనా దించుకునేలా పూర్తిగా తెరిచి ఉన్నాయి. ప్రపంచ పరిశోధకులకు తెలుగువాడంటే చాలాకాలం ఈ నూటిద్దరే. బ్రిటన్ చేరిన తెలుగు కుటుంబాల్లో కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఉండే అవకాశం ఎంత? అసలు తెలుగు అన్న ఒక్క పేరు కింద అందరినీ చేర్చడమే శాస్త్రపరంగా సరిపోదు.

సరిపోదని చూపించింది హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీనే. 2009లో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి 25 సమూహాల నుంచి 132 మంది జన్యువులు చదివింది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల మన దేశంలో ఒక్కో కులం, ఒక్కో తెగ జన్యుపరంగా విడివిడి చిన్న జనాభా అయిపోయిందని తేల్చింది. 2017లో అదే బృందాలు 260కి పైగా సమూహాలను పరిశీలించాయి. వాటిలో 81 సమూహాల్లో, జన్యు వ్యాధుల పరిశోధనకు పేరుపొందిన ఫిన్లండ్ వాసులు, అష్కెనాజీ యూదుల కంటే కూడా ఈ ప్రభావం బలంగా ఉంది. ఆంధ్ర వైశ్యుల ఉదాహరణ అందులో ప్రసిద్ధం. ఆపరేషన్ ముందు కండరాలు సడలించే మందు ఇస్తే కొందరు వైశ్యులకు ఊపిరి తిరిగి అందడం ఆలస్యమవుతుందని మత్తు డాక్టర్లకు తెలుసు. కారణం ఒక ఎంజైము లోపం. ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు అడగాల్సిన ప్రశ్న అయింది. చదువు, సంఘాలు, డాక్టర్లు ఉన్న సమాజం కనుక ఆ విజ్ఞానం వాళ్ల ఇంటికి చేరింది. గోదావరి కొండల మీద పోడు చేసుకునే కొండరెడ్లకు సంబంధించి ఇలాంటి సంగతి ఏదైనా దొరికితే, వాళ్ల ఇంటికి ఎవరు మోసుకెళ్తారు?

ఇక్కడే అసలు ముడి పడుతోంది. చిన్న, మూసుకున్న సమాజాల జన్యువులు పరిశోధనకు ఎక్కువ విలువైనవి. ఒక జబ్బు మార్పు అక్కడ సులువుగా దొరుకుతుంది. అదే కారణం వల్ల వాళ్లకు ప్రమాదం ఎక్కువ. పదిమంది రక్తం చదివితే తెగ మొత్తం గురించి మాట్లాడినట్టే. ఒక మనిషి సంతకం పెడితే, సంతకం పెట్టని అన్నదమ్ములు, మేనమామలు, పక్క గూడెం వాళ్లు కూడా అందులో ఉంటారు. వ్యక్తి సమ్మతి మీదే నిలబడ్డ నీతి నియమాలు ఈ మెట్టు దగ్గర తడబడతాయి.

పేర్లు తీసేస్తే చాలనే ధైర్యం ఎప్పుడో పోయింది. వందలమంది సమాచారం కలగలిపిన సగటు లెక్కల్లో కూడా ఫలానా మనిషి ఉన్నాడో లేడో పట్టుకోవచ్చని 2008లో రుజువైంది. వెంటనే అమెరికా ఆరోగ్య సంస్థలు ఆ లెక్కలను బహిరంగ వాడకం నుంచి తీసేశాయి. 2013లో మరో బృందం తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమ్, వంశవృక్షాల వెబ్‌సైట్ల సాయంతో పేరులేని జన్యుక్రమాలకు ఇంటిపేర్లు కనిపెట్టింది. ఇంటిపేరు, గోత్రం, కోయల్లోనైతే గట్టు (వంశ విభాగం) చెబితే మనిషిని వెతికి పట్టుకోగల మన సమాజంలో ఇది ఇంకా తేలిక.

మనిషి పేరు బయటపడకపోయినా తెగ మొత్తానికి దెబ్బ తగలొచ్చనడానికి అమెరికాలో అరిజోనాలోని హవసుపాయ్ తెగ కథ సాక్ష్యం. గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే ఈ చిన్న తెగ తొంభైల తొలినాళ్లలో మధుమేహం ఎందుకు వస్తోందో తెలుసుకోవాలని అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి రక్తం ఇచ్చింది. అదే రక్తంతో స్కిజోఫ్రేనియా గురించి, తమలో తామే పెళ్లిళ్ల గురించి, పూర్వీకులు ఎక్కడినుంచి వలస వచ్చారన్న దాని గురించి పరిశోధనలు జరిగాయని తర్వాత తెలిసింది. తాము ఆ లోయలోనే పుట్టామని నమ్మే జనం వాళ్లు. దావా వేశారు. 2010 ఏప్రిల్‌లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం నమూనాలను తిరిగి అప్పగించింది. ఖమ్మంలో టీకా ఆగిన నెల అది. రెండు చోట్లా మొదటి ఉద్దేశం మంచిదే. జనానికి చెప్పిందానికీ చేసిందానికీ మధ్య దూరమే చెరుపు చేసింది.

మన చట్టాల్లో ఈ దూరాన్ని కొలిచే కర్ర లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఈ అడవిలోని ఆకునో వేరునో వ్యాపారానికి తీసుకెళితే స్థానికులకు లాభంలో వాటా ఇవ్వాలి. ఆ చట్టం రాకముందే కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి జీవని మందు తయారైతే, లైసెన్సు రుసుములో సగం వాళ్లకు వెళ్లింది. అదే చట్టం జీవ వనరుల నిర్వచనంలో మనిషి జన్యు పదార్థాన్ని చేర్చలేదని స్పష్టంగా రాసింది. అంటే భద్రాచలం అడవిలోని ఆకుకు వాటా హక్కుంది, ఆ ఆకు కోసే మనిషి నెత్తురుకు లేదు. భూమి సంగతి చూసినా అంతే. 1/70 చట్టం గురించి ఏజెన్సీలో పిల్లలకూ తెలుసు. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి అమ్ముడు కాదు, ఆ మనిషి ఒప్పుకున్నా చెల్లదు. ఒకడి అవసరం తెగ మొత్తాన్ని నేల లేకుండా చేయకూడదన్న ఎరుక దాని వెనక ఉంది. 1996 పెసా చట్టం భూసేకరణకు గ్రామసభను అడగమంది. జన్యు సమాచారం విషయంలో గ్రామసభ మాట వినాలన్న చట్టం లేదు. 2017 నాటి ఐసీఎంఆర్ నీతి మార్గదర్శకాలు గిరిజనుల దగ్గర సమాజ పెద్దలతో సంప్రదించమన్నాయి, అది మార్గదర్శకమే. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపులిచ్చింది. 2019 ముసాయిదాలో జన్యు సమాచారాన్ని సున్నితమైనదిగా విడిగా పేర్కొన్న వర్గీకరణ చివరి చట్టంలో కనిపించదు.

ఇదంతా రేపటి విషయం కాదు. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా 20 సంస్థల కృషితో దాదాపు 10,000 మంది జన్యుక్రమాలు చదివింది. సీసీఎంబీ అందులో భాగస్వామి. 83 సమూహాల్లో 30 గిరిజన సమూహాలు. 2025 జనవరిలో ఈ సమాచారాన్ని ఫరీదాబాద్‌లోని భారతీయ జీవ డేటా కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు, తెరిచి పెట్టకుండా దరఖాస్తు పద్ధతిలో. ఇది మంచి నిర్ణయం. క్యాన్సర్ వైపు పుణేలోని భారతీయ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ 2024లో 50 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల సమాచారంతో పోర్టల్ తెరిచింది. ఐఐటీ మద్రాస్ 2025లో 480 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల సమాచారం విడుదల చేసింది. నగరాల పెద్దాసుపత్రులకు చేరగలిగిన రోగులే ఇలాంటి లెక్కల్లో ముందుగా పడతారు. ఏజెన్సీలో జన్యు సమాచారం సేకరణ ఇప్పటికే వేరే పేరుతో సాగుతోంది. 2023 జూలై 1న మొదలైన సికిల్ సెల్ మిషన్, 2047 నాటికి ఆ వ్యాధిని నిర్మూలించే లక్ష్యంతో, మూడేళ్లలో గిరిజన ప్రాంతాల్లో 7 కోట్ల మందిని పరీక్షించి కార్డులివ్వాలని పెట్టుకుంది. అవసరమైన పని. అది కూడా ఒక జన్యువు సమాచారమే, పేరుతో సహా నమోదవుతోంది. పెళ్లి సంబంధాల్లో ఆ కార్డును ఎవరు ఎలా చదువుతారన్న భయం గూడేల్లో తీర్చాల్సిన భయం.

ప్రపంచంలో దారులు వెతికినవాళ్లున్నారు. ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతంలోని సాన్ తెగవాళ్ల జన్యుక్రమాలు 2010లో ప్రచురించినప్పుడు తమ సంఘాలను అడగలేదని వాళ్లు నొచ్చుకున్నారు. 2017లో వాళ్లే సొంతంగా పరిశోధన నియమావళి రాసి, దాన్ని ఒప్పుకున్నవాళ్లకే తలుపు తెరిచారు. గౌరవం, నిజాయతీ, న్యాయం, శ్రద్ధ, పద్ధతి అన్నవే వాళ్ల షరతులు. 2019లో ఆదివాసీ సమాజాల ప్రతినిధులు సమష్టి ప్రయోజనం, అధికారం, బాధ్యత, నీతి అనే సూత్రాలను ప్రకటించారు. సాంకేతికంగా ఇంకో మార్గం ఉంది. సమాచారం పుట్టిన ఆసుపత్రి దాటి బయటకు పోదు. పరిశోధకుడి ప్రశ్న కంప్యూటర్ ద్వారా అక్కడికి వస్తుంది, లెక్క అక్కడే జరిగి జవాబు మాత్రం వెళుతుంది. 2013లో ఏర్పడిన జన్యు ఆరోగ్య ప్రపంచ కూటమి ఇలాంటి ప్రమాణాల మీద పనిచేస్తోంది. దీంతో అన్ని సమస్యలూ తీరవు. జవాబుల నుంచి కూడా మనిషిని పట్టుకోవచ్చని 2008 అనుభవం చెప్పింది. కానీ తాళం చేతిలో ఉన్నవాళ్లు దగ్గరివాళ్లు అవుతారు.

అన్నీ చూశాక నేను ఒప్పుకునే పద్ధతి ఇది. కణితిలో కొత్తగా పుట్టిన మార్పులు వీలైనంత తెరిచి ఉండాలి. వాటి వల్ల రోగికి, తెగకు కలిగే ప్రమాదం తక్కువ, ఉపయోగం చాలా ఎక్కువ. పుట్టుకతో వచ్చిన జన్యుక్రమం తలుపు వెనక ఉండాలి, దరఖాస్తు చూసి ఇవ్వాలి. ఆ చూసేవాళ్లలో లాక్స్ కుటుంబంలా, కోయ, కొండరెడ్డి సమాజాల మనుషులు ఓటుతో కూర్చోవాలి. తెగ పేరుతో ప్రచురించే ఏ ఫలితమైనా ముందు వాళ్లు చదవాలి, అదీ కోయ మాటల్లో చెప్పించుకుని. సమ్మతి తీసుకునే చోట ఐటీడీఏ అధికారి, వార్డెన్, ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టరు ఎవరూ తల్లిదండ్రుల బదులు సంతకం పెట్టకూడదు. ఫలితం తిరిగి వచ్చే ఏర్పాటు లేకుండా నమూనా వెళ్లకూడదు. జీ6పీడీ లోపం తేలితే ఆ సంగతి ఆ ఇంటికి, ఆ పీహెచ్‌సీకి చేరాలి. దానికయ్యే ఖర్చు పరిశోధన బడ్జెట్‌లో మొదటి రోజే రాసి ఉండాలి. ఇవన్నీ చేస్తే పరిశోధన నెమ్మదిస్తుందని చెప్పే శాస్త్రవేత్తలున్నారు. నిజమే, నెమ్మదిస్తుంది. 2009 నాటి తొందరపాటు వల్ల ఈ దేశంలో ముఖద్వార క్యాన్సర్ టీకా ఎన్నేళ్లు వెనక్కి పోయిందో కూడా వాళ్లు లెక్కలోకి తీసుకోవాలి. 2022లో ఒక్క ఏడాదిలో భారతదేశంలో సుమారు 1,27,000 మంది ఆడవాళ్లకు ఆ క్యాన్సర్ వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు.

ఇంకో ముందు పని ఉంది, దానికి జన్యు యంత్రాలు అక్కర్లేదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఆ పక్కనే ఛత్తీస్‌గఢ్, ఒడిశా. దగ్గరి పెద్దాసుపత్రి మాత్రం చాలామందికి భద్రాచలమే. చింతూరు మహిళకు భద్రాచలంలో రొమ్ము క్యాన్సర్ అని తేలి హైదరాబాద్ పంపితే ఆమె ఏ రాష్ట్రం లెక్కలో ఉంటుంది? ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా వైపు నుంచి వచ్చి ఇక్కడి అడవిలో ఉంటున్న గొత్తికోయలకు చాలామందికి ఏ రాష్ట్రపు కాగితమూ సరిగా లేదు. 1981లో మొదలైన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదిక నాటికి 28 జనాభా రిజిస్ట్రీలతో దేశంలో పదోవంతు జనాన్ని మాత్రమే లెక్కపెట్టింది. ఈ అడవి అంచున ఏ క్యాన్సర్ ఎంత ఉందో తెలియకుండా ఎవరి జన్యువులు చదవాలో నిర్ణయించలేం. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో తేలిన ప్రతి బయాప్సీ ఫలితం, రోగి వయసు, గూడెం పేరు, తర్వాత ఏ ఆసుపత్రికి వెళ్లారు, ఏమైంది అన్న వివరాలు ఒక రిజిస్టరులో రాసి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ఆరోగ్య శాఖలు ఏడాదికోసారి కూర్చుని సరిచూసుకునే ఒప్పందం చేసుకుంటే, ఆ లెక్క వచ్చే ఏడాది నుంచే మొదలవుతుంది.